రంజాన్ రాత్రి పిల్లల్ని పాతబస్తీకి తీసుకెళ్లండి



చార్మినార్‌ను 1591లో కట్టారని మన పిల్లలు పరీక్షలో తప్పు లేకుండా రాస్తారు. రాత్రి పది గంటలకు దాని చుట్టూ సాగే బజారును చూసినవాళ్లు మాత్రం వాళ్లలో ఎంతమంది? మాల్‌లోని ఫుడ్ కోర్టు వాళ్లకు తెలుసు. ఫోన్‌లో ఆర్డర్ చేస్తే ఇంటికొచ్చే హలీం డబ్బా తెలుసు. పాతబస్తీ పేరెత్తితే మాత్రం "అక్కడంతా రష్, మనకెందుకు" అని ఇంట్లో మనమే అంటాం. ఆ మాట వినీ వినీ సొంత ఊరే వాళ్లకు పరాయిదవుతోంది.

వచ్చే రంజాన్‌లో ఒక్క రాత్రి వాళ్లను అక్కడికి తీసుకెళ్లండి.

కారు వద్దు, పార్కింగ్ దొరకదు. ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌లో దిగి నయాపూల్ మీదుగా నడవండి. మదీనా దాటితే పత్తర్‌గట్టీ రాతి కమాన్లు కనిపిస్తాయి. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని బాగుచేసే పనుల్లో భాగంగా కట్టిన బజారు అది. ఆపైన గుల్జార్ హౌజ్, చార్‌కమాన్, ఎదురుగా చార్మినార్.

హలీం తినేముందు దాన్ని వండే భట్టీ చూపించండి. గోధుమలు, మాంసం, పప్పులు గంటలకొద్దీ ఉడుకుతుంటే మనుషులు పొడవాటి కర్రలతో దంచుతూనే ఉంటారు. 2010లో జీఐ గుర్తింపు పొందిన ఈ వంటకానికి మూలం అరబ్బుల హరీస్. నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల వారసులు నేటికీ బార్కస్‌లో ఉన్నారు. బ్యారక్స్ అన్న మాటే వాడుకలో బార్కస్ అయింది. మాంసం తినని కుటుంబాలకు ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఎలాగూ ఉన్నాయి.

లాడ్ బజార్‌లో లక్క గాజులు కొనండి. వేడికి మెత్తబడిన లక్క మీద రాళ్లు ఒక్కొక్కటే చేత్తో అద్దుతారని చెప్పండి. 2015లో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు పెద్ద సంఖ్యలో బాల కార్మికులను విడిపించారన్న సంగతీ దాచకండి. ఎక్కడైనా తమ ఈడు కుర్రాడు కప్పులు కడుగుతుంటే మీ పిల్లలు అడుగుతారు: "వాడు స్కూలుకు వెళ్లడా?" అప్పుడు చేయి పట్టి పక్కకు లాగేయకండి. 14 ఏళ్లలోపు పిల్లల్ని అలా పనిలో పెట్టుకోవడం నేరమని, 1098కి ఫోన్ చేయవచ్చని చెప్పండి. వీలైతే వాళ్ల ముందే ఫోన్ చేయండి. ఫీజు కట్టగలిగిన ఇంట్లో పుట్టిన పిల్లలకు ఈ సంభాషణ ఎప్పుడో ఒకప్పుడు అవసరమే.

ఈ మధ్య ఏళ్లలో రంజాన్ పరీక్షల సమయంలోనే వస్తోంది కదా అంటారేమో. ఒక శనివారం సాయంత్రం పోయినంత మాత్రాన మార్కులు పోవు. శుభ్రత మీద అనుమానం ఉంటే పొగలు కక్కుతున్నదే తినండి, నీళ్ల సీసా ఇంటి నుంచి తెచ్చుకోండి. చిన్నపిల్లల జేబులో మీ ఫోన్ నంబర్ రాసిన చీటీ పెట్టండి. మక్కా మసీదు దగ్గర నమాజు చేసేవారిని ఫొటో తీయకూడదని ముందే చెప్పండి. ఆఖరి మెట్రో ఎన్నింటికో చూసుకుని బయల్దేరండి.

తిరిగొచ్చాక దీన్ని ప్రాజెక్టు వర్క్‌గా మార్చకండి. మళ్లీ ఎప్పుడు వెళ్దామని వాళ్లే అడిగితే చాలు.