తేయాకు కూలీ స్త్రీకి ఇల్లెప్పుడు?

2020 ఆగస్టు 6 రాత్రి కేరళలోని మున్నార్ దగ్గర పెట్టిముడి మీద కొండచరియలు విరిగిపడ్డాయి. తేయాకు తోట కూలీల వరుస ఇళ్లు - వాటిని అక్కడ లయాలంటారు - మనుషులతో సహా మట్టిలో కూరుకుపోయాయి. గల్లంతైనవాళ్లతో కలిపి 70 మంది పోయారు. ఎక్కువమంది తరాల కిందట వలస వచ్చిన తమిళ దళిత కుటుంబాలవాళ్లు. మృతుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షల చొప్పున ప్రకటించింది. మర్నాడే జరిగిన కోళిక్కోడ్ విమాన ప్రమాదంలో మృతులకు 10 లక్షలు ప్రకటించింది. ఈ వివక్షను చాలామంది ప్రశ్నించారు, ప్రశ్నించవలసిందే. కానీ అంకెల దగ్గరే ఆగిపోతే అసలు సమస్య మిగిలిపోతుందని నా అభిప్రాయం.

ఈ సొమ్ము పేరు ఎక్స్‌గ్రేషియా. అంటే దయతో ఇచ్చేది. హక్కుగా రావలసిన చోట దయ ఎందుకొచ్చింది? కూలీలకు ఇల్లివ్వడం 1951 నాటి తోట కార్మికుల చట్టం యజమానికి పెట్టిన బాధ్యత. ఆ ఇల్లు కూలి మనుషులు పోతే యజమానే నష్టపరిహారం ఇవ్వాలని కూడా ఆ చట్టంలో రాశారు. ప్రకృతి వైపరీత్యం వల్ల కూలితే మాత్రం అక్కర్లేదన్నారు. ఆ ఒక్క మాటతో యజమాని తప్పుకుంటాడు, ప్రభుత్వం దాత అవుతుంది. కొండ కింద ఇళ్లు కట్టింది ప్రకృతా?

ఆకు కోసేది ప్రధానంగా స్త్రీలు. 2015లో యూనియన్ నాయకులను పక్కనపెట్టి, పెంబిళై ఒరుమై పేరుతో 20 శాతం బోనస్ కోసం సమ్మె చేసింది మున్నార్ తోటల స్త్రీలే. అయినా పని ఉన్నంతవరకే వాళ్లకు ఇల్లు. 2005 విపత్తు నిర్వహణ చట్టం సహాయ ప్రమాణాల గురించి చెబుతూ స్త్రీని ప్రత్యేకంగా తలచుకున్నది వితంతువుగా మాత్రమే. కుటుంబాన్ని పోషించే కార్మికురాలు అందులో కనిపించదు.

పెట్టిముడిలో మిగిలిన 8 కుటుంబాలకు కుట్టియార్ వ్యాలీలో 5 సెంట్ల చొప్పున స్థలమిచ్చారు. కొండ విరిగాక దొరికిన స్థలం అంతకుముందు ఎందుకు దొరకలేదు? మిగతా లయాలవాళ్లు తమ కొండ కూడా విరిగేదాకా ఎదురుచూడాలా? 2024 జూలై 30న వయనాడులోని ముండక్కై, చూరల్‌మలలో మళ్లీ తోట కూలీల ఇళ్లు కొట్టుకుపోయాయి.

సహాయ శిబిరాల్లో బియ్యం, దుప్పట్లు పంచడం అవసరమే. దాంతోపాటు మన సంఘాలు మూడు విషయాలు అడగాలి. ప్రమాదకరమైన వాలుల కిందున్న కూలీల ఇళ్లను వానాకాలానికి ముందే మార్చాలి. పనితో ముడిపెట్టకుండా ఇంటి పట్టా స్త్రీ పేరున ఇవ్వాలి. పోయిన ప్రాణాలకూ పనిదినాలకూ యజమాని కూడా బాధ్యత వహించాలి. వీటిని శవాలు లెక్కపెట్టేనాడు అడిగితే దయే దక్కుతుంది. ఇప్పుడే అడుగుదాం.