పేరు తేల్చకుండా చేపను కాపాడలేం

కృష్ణగిరి జిల్లా బిలిగుండ్లు దగ్గర కావేరి తమిళనాడులోకి వస్తుంది. ఈ నదీ పరీవాహకంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా దొరకని చేప మూపురం మహసీర్. 1946లో గాలానికి చిక్కిన ఒక చేప 120 పౌండ్లు, అంటే దాదాపు 54 కిలోలు తూగింది. ఇంత పేరున్న చేపకు 2018 దాకా స్థిరమైన శాస్త్రీయ నామమే లేదు.

ఆ లోటుకు నది భారీ మూల్యం చెల్లించింది. మహసీర్లను పెంచాలన్న సదుద్దేశంతో 1970ల నుంచి లోనావాలా హేచరీలో మహసీర్ పిల్లలను పెంచి పలు నదులకు పంపారు. కావేరిలోకి వచ్చినవి నీలి వాజాల మహసీర్లు, అంటే టోర్ ఖుద్రీ. ఆ జాతిని మొదట వర్ణించింది పుణె దగ్గరి ములా-ముఠా నదిలో. ‘మహసీర్లు పెరుగుతున్నాయి’ అని అందరూ సంతోషిస్తున్న కాలంలోనే కావేరి సొంత చేప తగ్గిపోయింది. కర్ణాటకలో కావేరి ఒడ్డున గాలం వేసేవారి లెక్కలే ఇందుకు సాక్ష్యం.

చిక్కు విప్పింది జన్యు పరీక్షే. కావేరి పరీవాహకంలోని మోయార్ నదిలో దొరికిన చేపల శరీర లక్షణాలనూ డీఎన్‌ఏనూ పరిశీలించిన శాస్త్రవేత్తలు, 2011లో అదే పరీవాహకంలో కేరళలో ఉన్న పాంబార్ నది నుంచి వర్ణించిన టోర్ రెమదేవీ, మూపురం మహసీర్ ఒకే జాతి అని 2018లో తేల్చారు. అదే ఏడాది అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది. పేరు తేలాకే రక్షణకు దారి దొరికింది.

అయితే ఒకే జన్యు గుర్తుతో అన్నీ తేలవు. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచే వస్తుంది. కాబట్టి రెండు జాతులు కలిసి పుట్టిన సంకరాన్ని అది ఒక్కటే పట్టివ్వలేదు. కేంద్రక డీఎన్‌ఏనూ చూడాలి. జీవిని బట్టి గుర్తూ మారాలి: పగడాలకైతే చేపల కొలమానమే చాలదు. వాటిలో చాలా రకాల మైటోకాండ్రియా డీఎన్‌ఏ అతి నెమ్మదిగా మారుతుంది. పైగా వెలుతురు, అలల తాకిడిని బట్టి ఒకే జాతి పగడం రూపం మార్చుకుంటుంది. ఏ జీవికి ఏ గుర్తు సరిపోతుందో ముందే తేల్చుకోవాలి.

కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల్లో 2014లో కావేరి ఉత్తర, 2022లో కావేరి దక్షిణ అభయారణ్యాలను ప్రకటించారు. అడవికి దొరికిన ఈ రక్షణ నీళ్లలోని జీవికీ అందాలి. నదిలో వదిలే ప్రతి మహసీర్ పిల్ల తల్లిదండ్రులకు రెండు రకాల డీఎన్‌ఏ పరీక్షలూ తప్పనిసరి చేయాలి. లక్నోలోని జాతీయ మత్స్య జన్యువనరుల బ్యూరో, హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) వంటి సంస్థలు ఉన్న దేశంలో ఇది అసాధ్యం కాదు. కావేరి ఒక రాష్ట్రానిది కాదు గనుక తమిళనాడు, కర్ణాటక ఒకే నిబంధన పాటించాలి. అంతవరకూ బయటి మహసీర్ పిల్లలను కావేరిలో వదలడం ఆపాలి.