రావిచెట్టు కింద టైల్స్ వద్దండీ

మా పురపాలక సంఘం కమిషనర్ గారికి,

పెద్ద పార్కు బాగుచేయడానికి టెండర్లు పిలుస్తున్నారని విన్నాను. వాకింగ్ ట్రాక్‌కి పేవర్ బ్లాకులు, మధ్యలో ఫౌంటెను, రంగుల దీపాలు, కొత్త లాను. సంతోషం. నాలాంటి వాళ్ల మోకాళ్లకు ట్రాక్ అవసరమే. అయితే ఎస్టిమేటులో ఇంకో పని కూడా ఉందట: వెనక గేటు దగ్గరి రావిచెట్టు కొమ్మలు కొట్టించి, చుట్టూ అరుగు కట్టి టైల్స్ పరచడం. పండ్లు రాలి నేలంతా మరకలవుతోందని, నడకకు వచ్చేవాళ్లు ఫిర్యాదు చేశారట. ఆ నడిచేవాళ్లలో నేనూ ఒకదాన్ని. అందుకే ఈ ఉత్తరం.

హైస్కూల్లో ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు ఆదివారాలు మా వీధి పిల్లల్ని ఏడెనిమిది మందిని ఆ చెట్టు కిందికి తీసుకెళ్తున్నాను. మొన్న ఏడో తరగతి పిల్ల ఒకతె పైకి చూపించి "టీచర్, ఆ చుక్కల పిట్టేంటి?" అంది. గోధుమరంగు ఒళ్లు, ఒంటినిండా తెల్లచుక్కలు, ఎర్రటి కళ్లు. ఆడకోయిల. ఒక్కరూ నమ్మలేదు. వాళ్లు చూసిన బొమ్మల్లో కోయిల నల్లగా ఉంటుంది మరి. నల్లగా ఉండేది, ఉగాదికి కూసేది మగదని చెబుతుండగానే మగది వచ్చి పైకొమ్మ మీద వాలింది. రెండూ పండ్లు తింటున్నాయి. పక్క వేపచెట్టు మీద కాకిగూడు. ఉన్నట్టుండి కాకి లేచి మగకోయిలను తరిమింది. "అయితే ఆడది ఇప్పుడు గుడ్డు పెట్టడానికి కాకిగూట్లోకి దూరుతుందా?" అన్నాడు ఒకడు. బోర్డు మీద సుద్దముక్కతో ముప్పై ఏళ్లు చెప్పిన పాఠంలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

మీరు మరకలంటున్న ఆ పండు కోసమే కోయిల, గోరింక, పికిలిపిట్ట, సుత్తి దెబ్బల్లా టుక్కు టుక్కుమనే కంసాలిపిట్ట అక్కడికి చేరతాయి. చీకటి పడితే గబ్బిలాలు. రావి, మర్రి, మేడి, జువ్వి అన్నీ ఒకేసారి పండవు. నాలుగు రకాలుంటే ఏడాదిలో చాలా నెలలు పిట్టకు తిండి దొరుకుతుంది. గోడ వెంట వరసగా పెట్టిన కోనోకార్పస్ మొక్కల్లో ఇంతవరకు ఒక్క గూడు నాకు కనబడలేదు. తెలంగాణలో హరితహారం కింద వాటిని నాటడం మానేశారు కూడా.

గేటు పక్క గోడ మీద రామచిలుక బొమ్మ వేయించారు, మన రాష్ట్ర పక్షి కాబట్టి. చాలా బాగుంది. కాని రామచిలుక పుల్లలతో గూడు కట్టదండీ. ముసలిచెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది. ఎండుకొమ్మ కనబడగానే రంపం వేయిస్తే దానికి మిగిలేది ఆ గోడే. మనిషి నెత్తిన పడే కొమ్మను కొట్టించండి, కాదనను. మిగతావి ఉండనివ్వండి. అన్నట్టు, చిన్నపిల్లల ఆటస్థలం దగ్గర సిమెంటు కొంగ కూడా ఉంది. దానికి ఏటా రంగు వేస్తున్నారు.

వెనకవైపు పావు ఎకరం వదిలిపెట్టమనే నా విన్నపం. అక్కడ లాను వద్దు, టైల్స్ వద్దు. ఎండుటాకులు ఊడ్చి నిప్పు పెట్టకుండా చెట్ల మొదట్లో పోయిస్తే చాలు. ఆకుల కింద పురుగులుంటాయి, వాటిని కెలుక్కోవడానికి పిట్టలు దిగుతాయి. గడ్డి గింజ కట్టేదాకా కోయించకండి. ఫౌంటెను తొట్టికి గోడ నిటారుగా ఉంటే పిట్ట నీళ్లు తాగలేదు. అంచున బెత్తెడు లోతుతో మొదలై లోపలికి ఏటవాలుగా దిగే చిన్న మడుగు తవ్వించండి. దోమలంటారని తెలుసు. మధ్యలో మోకాలి లోతు ఉంచి చేపపిల్లల్ని వదిలితే దోమల సంగతి అవే చూసుకుంటాయి. పాములంటారు. నడకదారి పక్కన గడ్డి పొట్టిగానే ఉంచండి. ఆ మూల రంగుదీపాలు మాత్రం అసలు వద్దు.

అభయారణ్యం అడగడం లేదు. గుంటూరు పక్కన ఉప్పలపాడులో ఉన్నది ఊరిచెరువే. ఇళ్ల మధ్యే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు పిల్లల్ని పెంచుతాయి. హైదరాబాదు అంచున అపార్టుమెంట్ల నడుమ ఉన్న అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. మనకు చెరువు లేదు, చెట్టుంది.

పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా పార్కుకు తాళం వేస్తున్నారు. బడి నడిచే వేళ అదే. వారానికి ఒకరోజు బడిపిల్లలకు తెరిపించి, వాచ్‌మన్ గదిలో రెండు బైనాక్యులర్లు, తెలుగు పేర్లతో పిట్టల బొమ్మల పట్టీ ఉంచితే మిగతాది టీచర్లు చూసుకుంటారు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పక్షుల్ని లెక్కపెడుతుంది. వచ్చేసారి ఆ లెక్కలో మన పిల్లలు కూడా పేరు రాయిస్తారు.

సంతకం పెట్టేముందు ఒకసారి వచ్చి చూడండి. ఈ ఆదివారం ఉదయం ఆరింటికి వెనక గేటు దగ్గర ఉంటాం. ఆ గేటుకు మాత్రం తాళం తీయించండి, పోయినవారం పిల్లలు గోడ దూకారు.

ఇట్లు,
మీ ఊళ్లోని ఒక రిటైర్డ్ టీచరు