క్లాసు నెల రోజులే, సాధన మాత్రం మనది



కొంచెం పెద్ద పోస్టు. ఓపిగ్గా చదవండి, నచ్చకపోతే తిట్టండి, పర్లేదు.

2025 జూన్ 20న విశాఖలో, ఆంధ్ర విశ్వవిద్యాలయం మైదానంలో మన గిరిజన విద్యార్థులు 20 వేల మందికి పైగా 108 సూర్య నమస్కారాలు చేశారు. ఆ ఫొటోలు మనందరి స్టేటస్‌లలో తిరిగాయి. మాకూ గర్వంగానే అనిపించింది. అంతమంది పిల్లలు ఒకే వరసలో వంగి లేవడం చిన్న విషయం కాదు. కానీ మా ప్రశ్న ఒక్కటే. ఆ పిల్లల్లో ఇవాళ పొద్దున్న ఎంతమంది చేసుంటారు? ఎవరూ చెప్పకుండా, ఎవరూ లెక్కపెట్టకుండా, తమంతట తాము?

వాళ్ళని తప్పుపట్టడానికి అడగట్లేదు. మేమూ ఆ బాపతే. మా సంగతి చెప్తాం.

మేం హాస్టల్లో ఒకే గదిలో ఉండే నలుగురు అమ్మాయిలం. డిగ్రీకి వచ్చాక మెడనొప్పి, నడుంనొప్పి, పరీక్షల ముందు నిద్ర పట్టకపోవడం మొదలయ్యాయి. ఊళ్ళో ఉన్నప్పుడు ఇవేవీ ఎరగం. నీళ్ళు మోశాం, కట్టెలు మోశాం, సంతకి కొండ దిగి ఎక్కాం. ఇక్కడేమో పొద్దున్నుంచి రాత్రి దాకా బెంచీ మీదో, మంచం మీదో పుస్తకం పట్టుకుని వంగి కూర్చోవడమే. కాలేజీ దగ్గర్లో ఒక యోగా స్టూడియోలో విద్యార్థులకు ఫీజు తగ్గింపు అని బోర్డు చూసి, స్కాలర్‌షిప్ డబ్బుల్లోంచి తలా కొంత తీసి ఒక నెలకి చేరాం.

మొదటి రోజు భయమేసింది. గోడంతా అద్దం. అందరికీ రంగురంగుల మ్యాట్‌లు, మాకు వాళ్ళే ఇచ్చారు. మేడమ్ సగం ఇంగ్లీషు, సగం సంస్కృతం. పక్కవాళ్ళని చూసి చెయ్యడమే. మాలాసనం అని గొంతుకూర్చోమంటే మాత్రం మేం నలుగురం టక్కున కూర్చున్నాం. మిగతావాళ్ళకి మడమలు పైకి లేచిపోతున్నాయి. మేడమ్ మెచ్చుకున్నారు, మేం పొంగిపోయాం. తర్వాత చేతులు పైకెత్తి నిటారుగా నిలబడమంటే మా భుజాలు కదల్లేదు. ఐదు నిమిషాలు నడుం నిలబెట్టి కూర్చోలేకపోయాం. కొండ ఎక్కిన కాళ్ళు మావే, పుస్తకం మీద వంగిపోయిన వీపూ మాదే అని అప్పుడు తెలిసింది.

నెల అయిపోయింది. రెండో నెలకి డబ్బుల్లేవు. సరే గదిలోనే చేసుకుందామని పొద్దున్నే లేచి దుప్పట్లు పరిచాం. మూడో ఆసనం అయ్యాక ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. తర్వాత ఏంటో ఎవరికీ గుర్తులేదు! నెల రోజులు మేడమ్ గొంతు వెనకాల వెళ్ళాం తప్ప మా అంతట మేం ఒక్కటీ నేర్చుకోలేదు. మ్యాట్‌తో పాటు యోగా కూడా అక్కడే అప్పజెప్పి వచ్చేశాం.

మా అభిప్రాయం ఇక్కడే ఉంది. క్లాసు తప్పు కాదు. మనం క్లాసుని వాడుకునే పద్ధతే తప్పు. క్లాసు మనకి చివరికి క్లాసు అవసరం లేకుండా చెయ్యాలి. ఇది మేం కొత్తగా కనిపెట్టింది కాదు. మైసూరులో పట్టాభి జోయిస్ నేర్పిన పద్ధతిలో గదినిండా మనుషులుంటారు గానీ, ఎక్కువ రోజులు గురువు పైకి చెప్పి చేయించరు. ఎవరికి ఎంత వచ్చో అంత, వరస గుర్తుపెట్టుకుని ఎవరి ఊపిరితో వాళ్ళు చేసుకుంటారు. గురువు మధ్యలో తిరిగి సరిదిద్దుతారు. ఒకటి కుదిరాకే ఇంకోటి ఇస్తారు.

బి.కె.ఎస్. అయ్యంగార్ సంగతి ఇంకా మనకి దగ్గర. చిన్నప్పుడు మలేరియా, టైఫాయిడ్, క్షయతో చిక్కిపోయిన మనిషి. మలేరియా అంటే ఏంటో మన ఏజెన్సీవాళ్ళకి వేరే చెప్పాలా? ఆయన మైసూరులో బావగారు కృష్ణమాచార్య దగ్గర నేర్చుకున్నది కొద్ది కాలమే. 1937లో పుణె వెళ్ళాక సొంతంగా గంటల తరబడి సాధన చేసి, ఒంటికి ఏది ఎలా పనిచేస్తుందో తెలుసుకున్నారు. వంగలేనివాళ్ళ కోసం బెల్టులు, దిమ్మలు, దుప్పట్లు, కుర్చీలు వాడటం నేర్పారు.

మేం డబ్బులు కూడబెట్టి కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ ఒక నెల చేరాం. ఈసారి నోటుబుక్ పట్టుకెళ్ళాం. క్లాసు అవగానే బస్టాపులో కూర్చుని ఏం చేశామో వరసగా రాసుకున్నాం. ఎక్కడ నొప్పి రావాలి, ఎక్కడ రాకూడదు అని సిగ్గుపడకుండా అడిగాం. చివరి వారంలో అసలు మాట చెప్పేశాం: “మేడమ్, మేం వచ్చే నెల రాలేం. గదిలో చేసుకోడానికి 20 నిమిషాల వరస ఒకటి రాసివ్వండి.” ఆవిడ కోప్పడతారనుకున్నాం. సంతోషంగా రాసిచ్చారు. తాడాసనం, మార్జాలాసనం, అధోముఖ శ్వానాసనం, భుజంగాసనం, సేతుబంధాసనం, చివర్లో శవాసనం. శీర్షాసనం, సర్వాంగాసనం ఒంటరిగా వద్దని గట్టిగా చెప్పారు.

ఇప్పుడు బాత్రూముల దగ్గర లైను మొదలవకముందే లేస్తాం. రెండు మంచాల మధ్య సందులో ఇద్దరిద్దరం. పాత రికార్డు పుస్తకాలు తాడుతో కడితే దిమ్మ. చున్నీయే బెల్టు. రోజూ చేస్తున్నామని అబద్ధం చెప్పం, వారానికి నాలుగు రోజులు. నలుగురిలో ఒకమ్మాయి మానేసింది, తనకి నడకే బాగుందట. అదీ మంచిదే. మెడనొప్పి తగ్గింది. పరీక్ష ముందు గుండె దడ వస్తే ఊపిరి నెమ్మదిగా వదలడం వచ్చింది. ఇంతకన్నా గొప్పలు చెప్పం.

“ఇది మన సంస్కృతి కాదు కదా” అంటారు కొందరు అన్నలు. ఆ మాట కొట్టిపారెయ్యం. మన ధింసా మనకుంది, మన దేవతలు మనకున్నారు. మంత్రం చదవాలా వద్దా అన్నది ఎవరిష్టం వాళ్ళది, బలవంతం చేస్తే మేమూ ఒప్పుకోం. కానీ ఊపిరి, వెన్నెముక ఎవరి సొత్తూ కాదు.

“ముందు తిండి సరిగా పెట్టమనండి, యోగా తర్వాత” అంటారు ఇంకొందరు. దీనికి మేం పూర్తిగా ఒప్పుకుంటాం. రక్తం తక్కువున్న పిల్లకి ఆసనం రక్తం పట్టించదు. గుడ్డు, ఆకుకూర, ఐరన్ మాత్ర కావాలి. మెస్‌లో చారు నీళ్ళగా ఉందని అడిగితే “ప్రశాంతంగా ఉండండి, ప్రాణాయామం చెయ్యండి” అనే రోజు రాకూడదు. నిటారుగా నిలబడటం నేర్చుకునేది నిలబడి అడగడానికి కూడా.

ఇంకో ముఖ్యమైన మాట. మనవాళ్ళలో సికిల్ సెల్ ఎక్కువ. ఆ జబ్బున్నవాళ్ళు ఎండలో, దాహంతో, శక్తికి మించి ఆగకుండా చేస్తే నొప్పులు తిరగబెట్టొచ్చు. 108 లెక్క అందరికీ కాదు. పరీక్ష చేయించుకోండి, కార్డు ఉంటే నేర్పేవాళ్ళకి ముందే చూపించండి, డాక్టర్ని అడిగి నెమ్మదిగా చెయ్యండి, నీళ్ళు తాగుతూ ఉండండి. “వద్దు, ఆపేస్తాను” అనడం సిగ్గు కాదు.

స్టూడియో ఫీజు కట్టలేనివాళ్ళే మనలో ఎక్కువ, అది తెలుసు. అందుకే అడగాల్సింది ఇది: జూన్ వచ్చే ముందు హడావిడిగా ప్రాక్టీసు చేయించడం కాదు, ప్రతి హాస్టల్‌కీ ఏడాది మొదట్లో ఒక నెల రోజులు నేర్పే మనిషిని పంపించండి. ఒక ఖాళీ గది ఇవ్వండి. పిల్లలు ఎవరికి వాళ్ళు చేసుకోగలిగేలా నేర్పి వెళ్ళండి.

ఈలోపు క్లాసుకి వెళ్ళే అవకాశం ఎవరికి దొరికినా నోటుబుక్ పట్టుకెళ్ళండి. వచ్చి పక్క మంచం చెల్లికి చూపించండి. మైదానంలో చేసింది రికార్డుల్లో ఉంటుంది. మంచాల సందులో చేసింది మన ఒంట్లో ఉంటుంది.

మీ హాస్టల్లో ఎలా ఉందో రాయండి. జై ఆదివాసీ.