రాకాసి గుళ్ళలో లంకెబిందెలు లేవు

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పినపాక మండలంలో జానంపేట అనే వూరుంది. అక్కడ పెద్ద పెద్ద రాతిపలకలు నాలుగువైపులా నిలబెట్టి, పైన ఏనుగంత బండను కప్పుగా వేసిన సమాధులున్నాయి. కొన్నింటిలో ఒకే రాయిని తొలిచిన తొట్టి కూడా వుంటుంది, చనిపోయినవారి కోసం. ఇనుపయుగపు పని, 2000 ఏళ్ళు దాటిన మాట. క్రేను లేదు, సిమెంటు లేదు. మన ఇంజనీరింగు మిత్రులు ఒకసారి చూసివస్తే మంచిది.

జనం వీటిని రాకాసి గుళ్ళంటారు. అంత బండ మామూలు మనుషులు ఎత్తలేరు గనుక రాక్షసులే ఎత్తివుంటారని. నవ్వుకోవడం తేలికే. నా మట్టుకు నాకు, వాటిని ఇన్నాళ్ళు కాపాడింది ఆ పేరేననిపిస్తుంది. రాకాసి ఇంటి రాయి తెచ్చి తన ఇంటికి గడప చేసుకునే ధైర్యం ఎవరికుంటుంది?

ఇప్పుడా భయం పోయింది. పోవలసిందే. కాని ఆ ఖాళీలోకి చదువు రాలేదు, గుప్తనిధుల పుకారు వచ్చింది. గడ్డపారలతో రాత్రిళ్ళు తవ్వేవాళ్ళకు ఇలాంటి సమాధుల్లో దొరికేదేమిటి? నలుపు ఎరుపు కుండపెంకులు, తుప్పుపట్టిన ఇనుప కత్తి, నాలుగు పూసలు, ఎముకలు. కోపంతో విసిరికొట్టిపోతారు. ఆ కుండ ఏ మూల వుంది, ఎముకలు ఏ దిక్కుకున్నాయి అన్నదే అసలు చరిత్ర గదా! ఒక్కసారి కలిపేశాక ఏ ప్రొఫెసరూ దాన్ని మళ్ళీ చదవలేడు.

చట్టం లేకపోలేదు. జానంపేట సమాధులు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో వున్నవే. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత స్థలం చుట్టూ 100 మీటర్లలో కొత్త కట్టడం కూడదు. ఆపైన 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. బాగుంది. అయితే ఏ జాబితాకూ ఎక్కని రాతివలయాలు మన పల్లెల్లో పట్టా చేలల్లో ఎన్నో వున్నాయి. నాగలికి అడ్డమని రైతు రాళ్ళు గట్టుకు దొర్లిస్తే ఆయన్ని తిట్టి లాభమేమిటి? అవేమిటో ఆయనకు చెప్పిందెవరు?

నేననేదిదే: శిక్ష ఎంతో చెప్పే బోర్డు పక్కన, లోపల ఏముందో, ఏమి లేదో చెప్పే బోర్డు ఇంకొకటి తెలుగులో పెట్టాలి. లంకెబిందెలు లేవని వూరందరికీ తెలిస్తే సగం గడ్డపారలు ఇంట్లోనే వుంటాయి.

మిగతా సగం పని మనది. ఎన్.ఎస్.ఎస్. క్యాంపుల్లో వేసిన రోడ్లు ఎన్ని మిగిలాయో అడక్కండి. ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు మీ వూరి పొలాల్లో రాతివలయాలు ఎన్నో లెక్కపెట్టండి. అడ్డకొలత, సర్వే నంబరు, వూరివాళ్ళు పిలిచే పేరు రాసుకోండి. ఫోటో తీసి మన చరిత్ర శాఖ లెక్చరర్లకు ఇవ్వండి. గడ్డపార మాత్రం తీసుకువెళ్ళకండి.