పొగడ్త సరే, లెక్క మాట ఏమిటి?

(దొనకొండ విలేఖరి)

మన పశ్చిమ ప్రాంతంలో ఏ ఊరికి పోయినా ఇటువంటి పెద్దావిడ ఒకరు తప్పక కనిపిస్తుంది. కోడి కూయక ముందే లేచి కసువు ఊడ్చి, కల్లాపి చల్లి, గొడ్లకు చొప్ప వేసి, పాలు పితికి, నీళ్ల బిందెలు మోసి, ఇంటిల్లిపాదికీ వండి పెడుతుంది. ఆ మీదట మిరప చేనికో కంది చేనికో కూలికి పోయి వచ్చి, పొద్దుగూకాక మళ్లీ పొయ్యి ముందు కూర్చుంటుంది. అంతటితో ఆగదు. పక్కింట్లో పురుడు వస్తే తోడు ఆమే. శ్రీరామనవమి పందిట్లో పానకం కలపాలన్నా, క్రిస్మస్ విందుకు బియ్యం ఏరాలన్నా ఆమెకే కబురు. చావు జరిగిన ఇంటికి అన్నం వండి పంపేదీ ఆమే. కొడుకూ కోడలూ పని కోసం హైదరాబాదుకో, మిరప కోతలకని గుంటూరు వైపో పోతే, మనవళ్లను పెంచేదీ ఆమే.

ఇలా 60, 70 ఏళ్లు గడిచిపోతాయి. ప్రభుత్వ కాగితం మీద 'వృత్తి' అన్న గడిలో మాత్రం ఆమెకు ఎదురుగా 'ఇంటి పని' అని గానీ, 'ఏమీ లేదు' అని గానీ ఉంటుంది.

ఇటువంటి తల్లులను పొగడడానికి మనకు కరువు లేదు. అన్నపూర్ణ అంటాం, దేవత అంటాం, పోయిన తరువాత ఫొటోకు దండ వేస్తాం. కరువల్లా లెక్కకే. ఆమె చేసిన పని పనిగా ఎక్కడా నమోదు కాదు. అదే ఈ వ్యాసంలో చెప్పదలచిన సంగతి.

గన్నవరం వాకిలి

ఈ విషయంలో ముందుగా చెప్పుకోవలసిన పేరు డొక్కా సీతమ్మ గారిది. ఆమె 1841లో మండపేటలో పుట్టారు. కోనసీమలోని లంకల గన్నవరానికి చెందిన రైతు డొక్కా జోగన్న గారి ఇల్లాలుగా వెళ్లారు. ఆ రోజుల్లో లంక గ్రామాలకు పోవాలంటే గోదావరి పాయలు దాటాలి. పడవ ఎప్పుడు వస్తుందో తెలియదు, దారిలో హోటలు లేదు. వేళ తప్పి, ఆకలితో వచ్చినవారికి ఆ ఇంటి వాకిలే దిక్కయింది. కులం అడగకుండా, వేళ చూడకుండా ఆమె వండి పెట్టారు. 1909లో కన్నుమూసే వరకు అదే ఆమె పని.

ఒకసారి అంతర్వేది స్వామి దర్శనానికి బయలుదేరిన ఆమె, ఆకలితో ఉన్న ఒక కుటుంబం తన ఇంటికే వస్తున్నదని దారిలో తెలిసి వెనక్కు తిరిగారని చెబుతారు. ఏడో ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవానికి రావలసిందిగా ఆహ్వానిస్తే ఆమె పోలేదనీ, ఆమె ఫొటోను తెప్పించుకుని గౌరవించారనీ కూడా ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు.

ఆమె సభలు పెట్టలేదు, సంఘం స్థాపించలేదు. పుట్టింట, మెట్టినింట ప్రతి ఆడపిల్లా నేర్చుకునే పనినే ఊరంతటికీ చేశారు. ఈనాడు గన్నవరం వద్ద వైనతేయ పాయ మీది కొత్త అక్విడక్టుకు ఆమె పేరు ఉన్నది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి కూడా ఆమె పేరే పెట్టింది. సంతోషించదగిన విషయమే.

దూబగుంట దారి

కోనసీమ మనకు దూరమే. దూబగుంట దూరం కాదు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలోనివే. ఆ నెల్లూరు జిల్లాలోని దూబగుంటలో, 1990 తరువాత అక్షరాస్యతా ఉద్యమం నడిచిన రోజుల్లో, ఆడవాళ్లు రాత్రిపూట లాంతరు వెలుగులో చదువు నేర్చుకున్నారు. వారి వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉండేది. అది గన్నవరం సీతమ్మ గారి కథ కాదు. ఊళ్లో సారా దుకాణాన్ని మూయించిన ఒక ఆడమనిషి కథ. అది చదివిన ఇల్లాళ్లు, మన ఊళ్లో మాత్రం ఎందుకు మూయించకూడదని లేచారు. వారిలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ గారు దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతటికీ తెలిశారు.

ఆ కదలిక ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో దానిని ఎత్తివేశారు. ప్రభుత్వాలను కదిలించిన ఆ తల్లులు పగలంతా కూలి చేసి, ఇంటికి వచ్చి వంట చేసి, ఆ తరువాతే సారా దుకాణం ముందు కూర్చున్నారు. వారి ఇంటి పనికి ఆ రోజుల్లో ఎవరూ సెలవు ఇవ్వలేదు. రోశమ్మ గారు 2016లో కన్నుమూశారు.

ఏ జాబితాలో చేర్చారు?

2001 జనాభా లెక్కల్లో ఇంటి పని చేసే ఆడవాళ్లను బిచ్చగాళ్లు, వేశ్యలు, ఖైదీలతో పాటు పని చేయనివారి పద్దులో చేర్చారు. దీనిని 2010లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో తప్పుపట్టింది. 2011 లెక్కల్లో ఇంటి పనే తమ ముఖ్యమైన పని అని చెప్పిన ఆడవాళ్లు దాదాపు 16 కోట్ల మంది. మగవాళ్లు 58 లక్షల లోపే. ఈ అంకెలను 2021 జనవరిలో మరొక తీర్పులో ఉదహరించినవారు కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణ గారు. ఇంట్లో ఉన్నవారు పని చేయరనే అభిప్రాయమే తప్పని ఆయన అందులో స్పష్టం చేశారు.

కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పని చేసేవారిలో ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు ఆ పని మీద గడుపుతున్నారు. అంటే ఆమె దాదాపు అయిదు గంటలు, ఆయన గంటన్నర. పైగా ఆ గంటన్నర అయినా చేసే మగవాళ్లు తక్కువ. 2019 సర్వేలో ఇంటి పనిలో చేయి పెట్టినవారు ఆడవాళ్లలో నూటికి 81 మంది అయితే, మగవాళ్లలో 26 మందే.

తల్లి ప్రేమకు ఖరీదు కడతారా అని కొందరు పెద్దలు అడుగుతారు. ప్రేమకు ఎవరూ ఖరీదు కట్టనక్కర లేదు. బిందె మోసిన భుజానికి, పొగ పట్టిన కళ్లకు లెక్క ఉండాలంటున్నాం. ఆ పని ఆగితే గాని దాని విలువ తెలియదు. 1975 అక్టోబరు 24న ఐస్‌లాండ్ అనే చిన్న దేశంలో నూటికి 90 మంది ఆడవాళ్లు ఒక్క రోజు ఇంటా బయటా పని మానుకున్నారు. పిల్లలను చూసేవారు లేక తండ్రులు వారిని ఆఫీసులకు వెంటబెట్టుకుపోయారు. అనేక దుకాణాలు, చేపల ఫ్యాక్టరీలు మూతబడ్డాయి. అయిదేళ్లు తిరగకముందే, 1980లో, ఆ దేశం ఒక మహిళను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నది.

మూడు వేల రూపాయల సంగతి

2001లో సుప్రీంకోర్టు ఒక అగ్నిప్రమాద కేసులో, చనిపోయిన ఇల్లాళ్ల సేవకు నెలకు 3,000 రూపాయల విలువ కట్టి పరిహారం లెక్కించింది. ఇప్పుడు మన బడుల వంటగదుల వైపు చూడండి. 2009 నుంచి మధ్యాహ్న భోజనం వండే తల్లికి కేంద్రం నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు 1,000 రూపాయలు. మన రాష్ట్రంలో దానిని 2019లో 3,000 చేశారు. ఇంట్లో జీతం లేకుండా వండే ఇల్లాలికి 2001లో కట్టిన విలువా, బడిలో పదుల మంది పిల్లలకు వండే తల్లికి 18 ఏళ్ల తరువాత ఖరారు చేసిన మొత్తమూ ఒక్కటే కావడం గమనార్హం. ఈ లోపల బియ్యం ధర, నూనె ధర ఎంత పెరిగిందో పాఠకులకు చెప్పనవసరం లేదు.

పథకానికి సీతమ్మ గారి పేరు పెట్టడం గౌరవమే. కానీ ఆ పథకంలో పొయ్యి ముందు నిలబడిన తల్లిని, సీతమ్మ గారిలాగే నువ్వూ పుణ్యానికి వండమన్నట్లు చూడడం ఆ పేరుకు గౌరవం కాదు. సీతమ్మ గారు తన పొలం పంటతో, తన ఇష్టంతో పెట్టారు. ఈమె కుటుంబం గడవక వండుతున్నది. సేవ వేరు, కూలి వేరు. సేవ పేరు చెప్పి కూలి తగ్గించడం న్యాయం కాదు.

చేయవలసినవి

ఇందులో మన చేతిలో ఉన్నవి కొన్ని, ప్రభుత్వం చేతిలో ఉన్నవి కొన్ని.

మొదటిది, 2027 జనాభా లెక్కలు. లెక్కలు రాసేవారు ఇంటికి వచ్చినప్పుడు సాధారణంగా సమాధానం చెప్పేది మగవాడు. 'మా ఆవిడ ఏమీ చేయదండీ, ఇంట్లోనే ఉంటుంది' అని ఒక్క మాటతో తేల్చేస్తాడు. ఆ ఒక్క మాటతో ఒక జీవితం లెక్కలోంచి జారిపోతుంది. సొంత చేలో కూలి లేకుండా పని చేసినా, ఇంటి వాడకానికే అయినా పాడి చూసుకున్నా, 2011 లెక్కల నిర్వచనం ప్రకారం వారు పని చేసేవారే. బర్రెగొడ్లు లేని ఇల్లు మన ఊళ్లలో ఎన్ని? కనుక అడిగిన ప్రశ్నకు ఇల్లాలే స్వయంగా సమాధానం చెప్పాలి. ఉపాధ్యాయులు, పొదుపు సంఘాల నాయకురాళ్లు ఈ సంగతి ముందుగా ఊరూరా తెలియజేయడం అవసరం.

రెండవది, బడి వంట చేసే తల్లుల వేతనాన్ని ఈనాటి ధరలకు తగినట్లు సవరించి, నెల నెలా ఆలస్యం లేకుండా చెల్లించాలి.

మూడవది, నీళ్లు. ఫ్లోరైడ్ బాధ మన ప్రాంతానికి పాతదే. మంచి నీళ్ల కోసం నడిచే అడుగులన్నీ ఆడవాళ్లవే. గడప దగ్గరకు రక్షిత నీరు వస్తే రోజుకు ఎంత శ్రమ మిగులుతుందో బిందె మోసినవారికే తెలుసు. అధికారులు పైపులైను లెక్క చూసేటప్పుడు ఈ శ్రమ లెక్క కూడా చూడాలి.

నాలుగవది మన ఇంట్లోనే ఉన్నది. దీనికి జీవో అక్కరలేదు, నిధులు అక్కరలేదు. తిన్న కంచం తీసి కడగడం, పొద్దున ఒక బిందె నీళ్లు తేవడం, మంచాన పడిన తల్లికి అన్నం పెట్టడం మగవాడికి చేతకాని పనులు కావు. కొడుకులను చిన్నప్పటి నుంచే ఇందులో పెట్టాలి.

ఇక ఊరి పెద్దలకు ఒక విజ్ఞప్తి. ఊళ్లో గుడికి, బడికి చందా ఇచ్చినవారి పేర్లు రాతి పలక మీద చెక్కిస్తున్నాం. 50 ఏళ్లు పందిళ్లలో వండినవారి పేరు, పురుళ్లకు తోడున్నవారి పేరు ఏ పలక మీదా లేదు. గ్రామసభలో అటువంటి పెద్దావిడలను పిలిచి కూర్చోబెట్టి, వారు చేసిన పనిని వారి చేతనే చెప్పించి, పంచాయతీ పుస్తకంలో రాయించాలి. బడి పిల్లలతో వారి అవ్వల కథలు రాయించినా మేలే. చనిపోయాక వేసే దండ కన్నా, బతికి ఉండగా రాసే నాలుగు వాక్యాలు వారికి ఎక్కువ మర్యాద.