గోకితే గజ్జేనా?

అర్ధరాత్రి. హాల్లో టక్‌ టక్‌మని చప్పుడు. దొంగేమోనని లైటు వేసి చూస్తే... పెంపుడు కుక్క వెనకకాలు నేలకు కొట్టుకునేలా గోక్కుంటోంది. తెల్లారేసరికి ఇంటిల్లిపాదీ డాక్టర్లే! 'గజ్జి పట్టింది, వేపనూనె రాయండి' అంటుంది బామ్మ. ఇంటాయన తన తామరకు తెచ్చుకున్న ట్యూబులో మిగిలిందంతా పిండేస్తాడు. పక్కింటాయన కిరోసిన్‌ అంటాడు. పది పదిహేను రోజులకు రూపాయి బిళ్లంత మచ్చ కాస్తా వీపంతా పాకుతుంది.

జ్వరంలాగే దురద కూడా ఒక లక్షణమే. కారణాలు బోలెడు. అందుకే మందు సంగతి తర్వాత, ముందు అది ఎక్కడ గోక్కుంటోందో చూడాలి. తోక మొదట్లో, నడుం మీద అయితే గెంతే పురుగులు... అంటే ఫ్లీలు ఉండొచ్చు. సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి పొడిని తడి కాగితం మీద వేయండి. చుట్టూ ఎర్రగా దిగితే అది మట్టి కాదు, ఫ్లీలు తాగి విసర్జించిన రక్తం. అదేపనిగా పాదాలు నాకుతూ, తరచూ చెవి నొప్పితో తల విదిలిస్తుంటే అలర్జీని అనుమానించాలి. గుండ్రంగా బొచ్చు ఊడి పొట్టు లేస్తుంటే తామర కావచ్చు. ఇది పిల్లలకూ అంటుకుంటుంది. దురద లేకుండా రెండు పక్కలా ఒకేలా బొచ్చు పలచబడి, కుక్క లావెక్కి మందకొడిగా ఉంటే లోపం థైరాయిడ్‌ది కావచ్చు. అలాంటప్పుడు పైన ఏం పూసినా దండగే.

ఇక గజ్జి. ఇందులో రెండు రకాలున్నాయి. పుట్టిన తొలిరోజుల్లో తల్లి నుంచి పిల్లకు చేరే డెమోడెక్స్‌ పురుగుల వల్ల వచ్చేది ఒకటి. కళ్ల చుట్టూ, ముందుకాళ్ల మీద బొచ్చు ఊడుతుంది, మొదట్లో దురద అంతగా ఉండదు. మనుషులకు అంటదు. రెండోది సార్కోప్టిక్‌ గజ్జి. చెవి అంచులు, మోచేతుల దగ్గర మొదలై కుక్కను కుదురుగా ఉండనివ్వదు. చెవి అంచును వేళ్లతో రుద్దితే వెనకకాలు దానంతటదే గోకుతున్నట్టు ఆడుతుంది. ఎత్తుకున్నవాళ్ల చేతుల మీద, పొట్ట మీద ఎర్రటి పొక్కులు రావొచ్చు. కుక్కకు వైద్యం చేయిస్తే మామూలుగా అవీ తగ్గిపోతాయి.

మన దగ్గర 'గజ్జికుక్క' ఏకంగా తిట్టయి కూర్చుంది. ఆ మాట వినగానే బండెక్కించి ఊరిచివర వదిలేసి వచ్చేవాళ్లూ ఉన్నారు. తిండీ నీళ్లూ లేక మాడిపోయేలా అకారణంగా మూగజీవిని వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. పైగా ఈ రెండు గజ్జులూ నయమయ్యేవే! చర్మాన్ని బ్లేడుతో కాస్త గీకి మైక్రోస్కోపులో చూస్తే చాలాసార్లు పురుగు తెలిసిపోతుంది. నెలకో, మూడు నెలలకో ఒకసారి ఇచ్చే మాత్రలు కూడా ఇప్పుడున్నాయి. మూర్ఛ వచ్చే కుక్కయితే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. పశువుల మందుల దుకాణంలో ఐవర్‌మెక్టిన్‌ కొని సొంతంగా పొడిచేయడం మాత్రం వద్దు. దాన్ని కనిపెట్టడంలో కృషి చేసిన క్యాంప్‌బెల్‌, ఒమురాలకు 2015లో నోబెల్‌ వచ్చిన మాట నిజమే. కానీ కోలీ లాంటి జాతుల్లో కొన్నిటికి అదే మందు మెదడుకెక్కి ప్రాణం తీస్తుంది. మనుషుల తామర ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్‌ ఉంటుంది. రెండ్రోజులు దురద ఆగినట్టే ఆగి, డెమోడెక్స్‌ గానీ తామర గానీ ఉంటే రెచ్చిపోతుంది.

వీటన్నిటికంటే భయపడాల్సింది పిడుదులకు. కొన్ని ఊళ్లలో గోమార్లంటారు. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కిందకు దిగి, గోడ పగుళ్లలో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. కుక్క ఒంటి మీదవి ఏరేసి ఊరుకుంటే నెల తిరక్కుండా మళ్లీ మొదటికే! ఎర్లీకియా, బెబీసియా జ్వరాలు వీటి ద్వారానే సోకుతాయి. తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, ముక్కు నుంచి రక్తం కారినా, మూత్రం కాఫీ రంగులో వచ్చినా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పిడుదును తీయాలంటే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగాలి. సిగరెట్‌తో కాల్చొద్దు, వేళ్లతో చిదమొద్దు. ఇంట్లో పిల్లి కూడా ఉంటే పెర్మెత్రిన్‌ ఉన్న మందుల జోలికి పోవద్దు, పిల్లికది విషం.

మన చర్మానికి ఆమ్లగుణం ఎక్కువ, కుక్కది పల్చన. కాబట్టి మన సబ్బు దానికి పడదు. కుక్కల షాంపూతో రెండు మూడు వారాలకోసారి స్నానం చాలు. వానాకాలంలో తడిసొస్తే మాత్రం వేళ్ల సందులు, పగ్‌ అయితే ముఖం మడతలు కూడా పొడిగా తుడవాలి. పక్కబట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయాలి. ఎండాకాలమని పొమరేనియన్‌కు గుండు కొట్టించేవాళ్లున్నారు... ఆ బొచ్చే దానికి గొడుగు!

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే రోజు ముస్తాబు చేయాలనిపిస్తుంది. ఆ ఒక్కరోజూ స్నానం వద్దు, ఆయింట్‌మెంటూ పూయొద్దు. చూడాల్సిన ఆనవాళ్లు అందులోనే కొట్టుకుపోతాయి. అప్పటిదాకా వాడిన ట్యూబులు మాత్రం దాచకుండా పట్టుకెళ్లండి.